సహారా దుమ్ముకు తొలి మజిలీ

బార్బడోస్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కెన్సింగ్టన్ ఓవల్. 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ మన చేతికొచ్చిన మైదానం. కానీ ఈ కథ ఆ దీవి తూర్పు కొసది. సెయింట్ ఫిలిప్ పారిష్‌లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన గట్టు పేరు ర్యాగెడ్ పాయింట్. అక్కడో పాత లైట్‌హౌస్, ఆ చుట్టుపక్కలే 17 మీటర్ల ఇనుప టవర్. చూడ్డానికి ఇంకేం లేదు. ఎదురుగా ఆఫ్రికా దాకా దాదాపు 4,500 కిలోమీటర్లు నీళ్లే. ఈ చోటి విలువంతా ఆ ఖాళీలోనే ఉంది.

1960ల్లో కొందరు శాస్త్రవేత్తలు అంతరిక్షం నుంచి రాలే ధూళిని పట్టుకుందామని ఈ దీవిలో వలలు కట్టారు. ఎర్రమట్టి పడింది! అది సహారాది. అక్కణ్నుంచి మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ ప్రాస్పెరో ఆ పనిని దశాబ్దాల పాటు నడిపించారు. 1965 నుంచి ఇక్కడి గాలిలో దుమ్మును కొలుస్తూనే ఉన్నారు.

కొలిచే తీరు చాదస్తంగా ఉంటుంది గానీ ముచ్చటేస్తుంది. గాలి సముద్రం మీది నుంచి వీస్తేనే పంపు తిరుగుతుంది; దీవిలోని పొగ, దుమ్ము లెక్కలోకి రాకూడదు కదా. తెల్లటి ఫిల్టర్ కాగితం వేసవిలో ఇటుక రంగుకు తిరుగుతుంది. దాన్ని నీళ్లలో కడిగి ఉప్పు వదిలించి, కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను తూస్తారు. ఆ తూకం నుంచే దుమ్ము లెక్క తేలుతుంది. 1970, 80ల్లో సహారాకు దక్షిణాన సాహెల్‌లో కరువు విరుచుకుపడినప్పుడు ఇక్కడి త్రాసు ఎక్కువ బరువు చూపింది.

ఈ దుమ్ము ఇంతదూరం ఎలా వస్తుందంటే, ఎడారి ఎండకు వేడెక్కిన గాలి దుమ్మును అయిదారు కిలోమీటర్ల ఎత్తుకు లేపుతుంది. తీరం దాటాక సముద్రం మీది చల్లటి, తేమ గాలి కింద ఉండిపోతుంది. ఈ పొడిగాలి పాల మీద మీగడలా దానిపై తేలుతూ పడమరకు సాగుతుంది. వారం లోపే కరీబియన్ చేరుతుంది. చలికాలంలో ఈ దారి దక్షిణానికి జరిగి దుమ్ము అమెజాన్ వైపు పోతుంది. బార్బడోస్‌ది పగడపు సున్నపురాయి నేల. చెరకు పండే దాని బంకమట్టిలో వేల ఏళ్లుగా రాలిన ఆఫ్రికా దుమ్ముకూ వాటా ఉంది. ఆ చెరకు నాటించడానికి మనుషుల్ని బానిసలుగా పట్టి తెచ్చిన ఓడల తెరచాపలూ ఈ తూర్పుగాలితోనే నిండాయి.

1988 అక్టోబరులో ఈ దారిన మిడతలే వచ్చాయి. ఆఫ్రికా ఎడారి మిడతలు అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవుల్లో దిగాయి. కాకపోతే ఇక్కడ నిలదొక్కుకోలేకపోయాయి.

అయితే బార్బడోస్‌కు వచ్చేదంతా తూర్పు నుంచే అనుకోవద్దు. 2021 ఏప్రిల్‌లో పడమర దిక్కున, దాదాపు 180 కిలోమీటర్ల దూరంలోని సెయింట్ విన్సెంట్‌లో లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం పేలింది. కింద తూర్పుగాలి వీస్తున్నా, చాలా ఎత్తున గాలి పడమటి నుంచి వీస్తుంటుంది. బూడిద అక్కడిదాకా ఎగిసి, ఎదురు దిక్కుకు తిరిగి బార్బడోస్ కప్పుల మీద పడింది. విమానాశ్రయం మూసేశారు, జనం వాకిళ్లలో బూడిద ఊడ్చుకున్నారు. 1812లోనూ ఇదే అగ్నిపర్వతం బూడిద ఇక్కడ కురిసింది.