కిలో టమాటాలో 940 గ్రాముల నీళ్లు

బజారు నుంచి కిలో టమాటాలు తెచ్చారు. అందులో దాదాపు 940 గ్రాములు నీళ్లే. తొక్క, గుజ్జు, గింజ, పులుపు, ఎరుపు అన్నీ కలిపి మిగిలేది 60 గ్రాములు. వరుగులు చేయడమంటే ఆ 60 గ్రాములను ఉంచి, 940 గ్రాములను సాగనంపడం. మన పెద్దవాళ్లు ఆ పనిని ఎండకు అప్పగించారు. ఇప్పుడు వంటగది గట్టు మీద పట్టేంత చిన్న యంత్రం అదే పని చేస్తానంటోంది. దాన్ని ఫుడ్ డీహైడ్రేటర్ అంటున్నారు, అంటే ఆహారంలోని నీటిని లాగేసే పెట్టె. కొనాలా వద్దా, కొంటే ఎలా వాడాలి అన్న ప్రశ్నలకు జవాబు కూరగాయల్లో కాదు, ఆ నీళ్ల లెక్కలో ఉంది.

ఎండ ఉండగా యంత్రం ఎందుకు?

నిజమే, ఎండతో పోటీపడే యంత్రం లేదు. వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు చోటు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. మేడ మీద పరిచిన పాత చీర విస్తీర్ణం దాదాపు 6 చదరపు మీటర్లు. అంటే ఆ చీర మీద 6000 వాట్లు పడుతున్నట్టు. చిన్న డీహైడ్రేటర్ సామర్థ్యం 250 నుంచి 400 వాట్లు. మే నెలలో ఆ చీర మీద రోజంతా పడే ఎండను కరెంటు లెక్కలో చెబితే 30 యూనిట్లు దాటుతుంది, అదీ ఉచితంగా. పది కిలోల మామిడి ఒరుగులైనా, బిందెడు పిండితో పెట్టే వడియాలైనా మేడే మేలు.

మరి యంత్రం ఎవరికి? మేడ తాళం అసోసియేషన్ దగ్గరుండే అపార్ట్‌మెంట్ వాళ్లకి. కోతుల బెడద ఉన్న వీధిలో వాళ్లకి. నాలుగు కట్టల ఆకు, కిలోన్నర కూర మాత్రమే ఎండబెట్టాలనుకునే వాళ్లకి. అన్నిటికన్నా ముఖ్యంగా, వానాకాలానికి.

వానాకాలంలో గాలికి ఏమవుతుంది?

మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకును ఖాళీ చేశారనుకోండి. అందులో ఉండే గాలి ఒక ఘనపు మీటరు. 30 డిగ్రీల దగ్గర ఆ గాలి మోయగలిగిన నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. ముసురు పట్టిన రోజున తేమ 80 శాతం అన్నారంటే, అందులో 24 గ్రాములు అప్పటికే నిండిపోయాయని అర్థం. మీ టమాటా ముక్కకు మిగిలిన చోటు 6 గ్రాములు. ఫుట్‌బోర్డు దాకా నిండిన పల్లెవెలుగు బస్సు లాంటిది ఆ గాలి. ఆగుతుంది కానీ ఎక్కనివ్వదు.

అదే గాలిని 55 డిగ్రీలకు వేడిచేస్తే మోసే శక్తి 100 గ్రాములకు చేరుతుంది. అప్పటికే ఉన్న 24 పోగా, 75 గ్రాములకు పైగా చోటు దొరుకుతుంది. నీటిని ఎక్కించుకునే కొద్దీ గాలి చల్లబడుతుంది కాబట్టి ఆ చోటంతా నిండదు. అయినా తేడా మీకు తెలుస్తూనే ఉంది. డీహైడ్రేటర్ చేసే పని ఇంతే. ఒక హీటరు గాలిని వేడిచేస్తుంది, ఒక ఫ్యాను దాన్ని ట్రేల మధ్య నుంచి తోస్తుంది, తడిసిన గాలి రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. అందుకే యంత్రం చుట్టూ జానెడు ఖాళీ వదలండి. గోడకు ఆనిస్తే బయటికి పోయిన తడి గాలే మళ్లీ లోపలికి వస్తుంది.

ఒక విడతకు ఎంత పడుతుంది?

చక్రాల్లా కోసిన ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కిలో టమాటాలను 5 మిల్లీమీటర్ల మందాన కోసి సందు లేకుండా పేరిస్తే దినపత్రిక ఒక పేజీ నిండుతుంది. గాలి ఆడేందుకు సందులు వదిలితే పేజీన్నర కావాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ట్రేలు ఐదు ఉంటే, వాటి మొత్తం విస్తీర్ణం దాదాపు రెండున్నర పేజీలు. కాబట్టి ఐదు ట్రేల యంత్రంలో కిలోన్నర వేయవచ్చు. ఎంత సర్దినా రెండు కిలోలు మించదు. పెట్టె మీద ఎన్ని కిలోలని రాసి ఉన్నా ఈ లెక్కే నమ్మండి.

ఎంత వేడి, ఎన్ని గంటలు?

కరివేపాకు, పుదీనా, కొత్తిమీర వంటి ఆకులకు 40 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. మించితే వాసన గాలిలో కలిసిపోతుంది. కాకర, వంకాయ, గోరుచిక్కుడు వంటి కూరగాయలకు 52 నుంచి 57. టమాటాకు, పండ్లకు 57. ఆకులు మూడు నుంచి ఐదు గంటల్లో పెళుసెక్కుతాయి. కూరగాయ ముక్కలకు ఆరు నుంచి పది గంటలు పడుతుంది. నీళ్లు ఎక్కువున్న టమాటాకు పది గంటలు, ఒక్కోసారి ఆ పైన.

వేడి పెంచితే త్వరగా అయిపోదా అంటే, అక్కడే మోసం ఉంది. వేడి ఎక్కువైతే పైపొర ముందే ఎండి గట్టి పెంకు కడుతుంది. లోపలి నీళ్లకు దారి మూసుకుపోతుంది. పైకి గలగలలాడుతుంది, పది రోజులకు డబ్బాలో బూజు పడుతుంది. తొందరగా కావాలంటే వేడి పెంచకండి, ముక్క మందం తగ్గించండి. మందం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపు కన్నా ఎక్కువే అవుతుంది. ఫ్యాను అడుగున ఉన్న యంత్రమైతే కింది ట్రేలు ముందు ఎండుతాయి కనుక రెండు మూడు గంటలకోసారి పైవి కిందికి, కిందివి పైకి మార్చండి.

గోరుచిక్కుళ్లను ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి ఎండబెట్టే మన పాత పద్ధతిని మానకండి. కోసిన తర్వాత కూడా కూరగాయలో పనిచేస్తూ, రంగూ రుచీ పాడుచేసే సహజ పదార్థాలుంటాయి. వాటిని ఎంజైములంటారు. ఆ ఒక్క పొంగు వాటి పని ఆపేస్తుంది.

కరెంటు బిల్లు సంగతి?

300 వాట్ల యంత్రం పది గంటలు ఆగకుండా నడిస్తే 3 యూనిట్లు. తగినంత వేడెక్కగానే హీటరు ఆగి మళ్లీ వెలుగుతుంది కాబట్టి ఇది గరిష్ఠం. 3 యూనిట్లంటే ఒకటిన్నర టన్నుల ఏసీ రెండు గంటలు నడిచినంత. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 18 రూపాయలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అదనంగా కాల్చిన యూనిట్ మీ సగటు ధరకు పడదు, బిల్లులో చివరి స్లాబు ధరకు పడుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందుతున్నవాళ్లు ఆ గీతకు దగ్గరగా ఉంటే ఇంకా చూసుకోవాలి. అది దాటితే ఆ నెల బిల్లు కట్టవలసి వస్తుంది.

940 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి కచ్చితంగా కావలసింది 0.6 యూనిట్ మాత్రమే. మిగతా వేడంతా రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. అందుకే ఒక్క ట్రే కోసం యంత్రం పెట్టకండి. ట్రేలన్నీ నిండేదాకా ఆగండి.

పెట్టుబడి తిరిగి వస్తుందా?

యంత్రం ఐదు వేలనుకుందాం. కిలో 15 రూపాయలున్నప్పుడు టమాటా ఎండబెట్టి, 60 రూపాయలైనప్పుడు వాడుకున్నారు. మిగిలింది 45. కిలోన్నర పట్టే విడతకు కరెంటు 18 కాబట్టి కిలోకు 12, అది పోతే 33. ఐదు వేలు రాబట్టాలంటే 150 కిలోల పైనే ఎండబెట్టాలి. నలుగురున్న ఇంట్లో అది ఒక్క ఏడాదిలో తేలే పని కాదు. 2023 జులైలో లాగా కిలో వంద దాటితే లెక్క త్వరగా తిరుగుతుంది కానీ, అలాంటి నెలలు ఏటా రావు. టమాటా ఒక్కదాని కోసమైతే కొనకండి.

పెరట్లో కరివేపాకు చెట్టో, మునగ చెట్టో ఉన్నవాళ్ల లెక్క వేరు. సరుకు ఉచితం. పైగా కరివేపాకులో నీళ్లు మూడింట రెండు వంతుల లోపే కాబట్టి 100 గ్రాముల ఆకు ఎండితే దాదాపు 40 గ్రాములు మిగులుతుంది. కారప్పొడికి అదే చాలు.

బలం పోదా?

కొంత పోతుంది. విటమిన్ సి వేడికి, గాలికి తట్టుకోలేదు. ఇనుము, కాల్షియం వంటి ఖనిజాలు, పీచు నిలుస్తాయి. విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ ఎండ వెలుతురులో ఎక్కువ నష్టపోతుంది. మునగాకును నీడన ఆరబెట్టాలనడం ఊరికే కాదు. మూసి ఉన్న పెట్టె ఆ నీడ ఇస్తుంది.

అయితే, ఎండిన మునగాకులో పోషకాలు ఎన్నో రెట్లని చెప్పే ప్రకటనలను కొంచెం ఆగి చదవండి. 100 గ్రాముల పచ్చి ఆకు ఎండితే 26 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. నీళ్లు పోయాయి కాబట్టి మిగిలినవి నాలుగు రెట్లు చిక్కబడ్డాయి, కొత్తగా పుట్టలేదు. చెంచాడు పొడి రెండున్నర గ్రాములు. అది పది గ్రాముల పచ్చి ఆకుతో సమానం. పప్పులో గుప్పెడు ఆకు వేసుకునేవాళ్లు అంతకన్నా ఎక్కువే తింటున్నారు.

ఎండిందని ఎలా తెలుస్తుంది?

వేలితో వంచితే విరగాలి అంటారు, సరైనదే. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా అనిపిస్తుంది కనుక చల్లారాక వంచి చూడండి. అంతకన్నా మంచి సాక్షి వంటింటి తూకం. కిలో టమాటాలో సరుకు 60 గ్రాములు. బాగా ఎండిన వరుగులో కూడా పదో వంతు తేమ ఉండిపోతుంది. 60ని 0.9తో భాగిస్తే 67. తూకం 70కి దిగితే పని అయినట్టే. 100 చూపిస్తోందంటే అందులో ఇంకా 40 గ్రాములు, అంటే 40 శాతం నీళ్లున్నాయి. మళ్లీ ట్రేలోకి పంపండి. టమాటా రకాన్ని బట్టి నాలుగైదు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. తూకం, వేలు రెండూ ఒకే మాట చెప్పాలి.

ఎన్నాళ్లుంటుంది?

పాడుచేసేది ఉన్న నీళ్లన్నీ కాదు, సూక్ష్మజీవులకు అందే నీళ్లు. ఆ అందుబాటును వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెబుతారు. వట్టి నీళ్లకు అది 1. పచ్చి టమాటాకు 0.99. అది 0.85కు దిగితే జబ్బు తెచ్చే బాక్టీరియా పెరగలేదు, 0.6కు దిగితే బూజు కూడా పట్టదు. ఆవకాయ తడిగా ఉండి కూడా ఏడాది నిలవడానికి ఒక కారణం ఇదే. ఉప్పు ఆ నీళ్లను పట్టేసుకుని సూక్ష్మజీవులకు అందనివ్వదు. ఎండబెట్టడం సూక్ష్మజీవులను చంపదు, పెరగకుండా ఆపుతుంది, అంతే. నానబెట్టాక మళ్లీ లేస్తాయి కాబట్టి నానిన వరుగును వెంటనే వండేయాలి.

చల్లారిన ముక్కలను గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, వారం నుంచి పది రోజులు రోజూ ఒకసారి కుదపండి. కొంచెం తడిగా ఉన్న ముక్కల తేమ మిగతావాటికి సర్దుకుంటుంది. సీసా గోడకు చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండబెట్టండి. తర్వాత వెలుతురు తగలని చోట పెట్టుకోండి. కిలో టమాటాలు పొడి చేస్తే టీ గ్లాసులో పడతాయి.

రెండు హెచ్చరికలు. కొబ్బరి వంటి నూనె సరుకు ఎండినా కొన్నాళ్లకు మక్కిన వాసన వస్తుంది, కొంచెం కొంచెమే చేసుకోండి. మాంసాన్ని ముందు 71 డిగ్రీల దాకా, కోడి మాంసాన్నైతే 74 డిగ్రీల దాకా ఉడికించకుండా ట్రేలో పెట్టకండి.

కొనేముందు ఒక నెల చిన్న పరీక్ష పెట్టుకోండి. వాడిపోయిందనో, కుళ్లిపోయిందనో ఫ్రిజ్‌లోంచి పారేసే ప్రతి ఆకునూ కూరనూ తూచి క్యాలెండర్ మీద రాయండి. నెలాఖరుకు ఆ మొత్తం కిలో దాటకపోతే మీకు యంత్రం అక్కర్లేదు. ఐదారు కిలోలు తేలితే ఆలోచించండి. కొన్నా సరే, రోహిణి కార్తె దాకా మేడకే పని చెప్పండి, మృగశిర వచ్చాక మిషనుకు.