ఆస్ట్రేలియా హిమగిరులలో దంపతుల యాత్ర

పర్వతముల గొప్పదనమును ఎత్తునుబట్టి కొలుచు అలవాటు మనకు హిమాలయముల సాన్నిధ్యముచేత అబ్బినది. ఆ కొలబద్దను వెంటబెట్టుకొని ఆస్ట్రేలియాకు పోయినవారు మొదట నిరాశపడక తప్పదు. ఏలయన, ఆ ఖండపు ప్రధానభూభాగమున అన్నిటికంటె ఉన్నతమైన కోసియాస్కో శిఖరము 2,228 మీటర్లు మాత్రమే, అనగా మనవారు వేసవి సెలవులలో పిల్లలతో బస్సెక్కి చూచివచ్చు ఊటీలోని దొడ్డబెట్ట కంటె నాలుగువందల మీటర్లు తక్కువ. మేఘమండలమును చీల్చుకొనిపోవు శృంగములు గాని, కండ్లు తిరుగు అగాధములు గాని అచ్చట అరుదు. కోట్ల సంవత్సరములుగా గాలియు, వానయు, మంచును అరగదీసిన వృద్ధపర్వతములవి. అయినను, ఒక క్యాంపర్‌వ్యాను అద్దెకు తీసికొని, నేనును నా సహధర్మచారిణియు ఆ కొండలలో సంచరించి వచ్చిన పిమ్మట, భార్యాభర్తలు తొందర లేక కలిసి నడచి చూడదగిన పర్వతసీమలలో దీనికి సాటివచ్చునవి మిక్కిలి తక్కువయని నాకు దృఢముగా తోచినది. పర్వతారోహణ విద్య నేర్వని సామాన్య పథికుడు సైతము, మోకాళ్ళు సహకరించినచో, ఒక్క పగటి నడకలో ఒక ఖండపు మకుటమును చేరి సంధ్యకు ముందే మరలి రాగలుగుట మరి యెచ్చట సాధ్యము?

ఆ ఖండపు తూర్పు తీరమువెంట సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున సాగిన మహావిభాజక పర్వతశ్రేణిలో, దక్షిణభాగమున, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రములయందును కాన్‌బెర్రా రాజధాని ప్రాంతమునందును వ్యాపించిన ఉన్నతభూమిని ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ అందురు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు అచ్చట హిమపాతము. మనకు సంక్రాంతి వచ్చునప్పటికి అచ్చట నడివేసవి. మంచు కరగి, పచ్చిక మొలచి, పూవులు విరియు కాలము. నడకకు పోవువారు నవంబరు మొదలు ఏప్రిల్ వరకు గల నెలలనే ఎన్నుకొనవలెను.

వాహనమునుగూర్చి కొంత వివరముగా చెప్పుట అవసరము. క్యాంపర్‌వ్యాను అనగా, ఒక మూసిన వ్యాను కడుపులో ఇరువురికి సరిపడు పడకయు, గ్యాసుపొయ్యియు, చిన్న ఫ్రిజ్జును, నీళ్ళ తొట్టెయు, పాత్రలు కడుగుకొను సింకును ఇమిడ్చిన సంచారగృహము. పగలు పరుపును మడచినచో భోజనపు బల్లయు ఆసనములును ఏర్పడును. దీపములకును ఫ్రిజ్జునకును ఇంజను బ్యాటరీకి వేరుగా రెండవ బ్యాటరీ యుండును; అది బండి నడచునప్పుడు నిండును, లేదా క్యారవాన్ పార్కులలో కరెంటు సౌకర్యము గల స్థలమున నిలిపి నింపుకొనవచ్చును. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరములలో ఇట్టి బండ్లు అద్దెకు దొరకును. వాడిన నీటిని నేలమీద వదలరాదు. మరుగుదొడ్డి గల బండ్లలో దాని పెట్టెను నియమిత స్థలములలోనే కుమ్మరించవలెను. రహదారి ప్రక్కన ఇచ్చవచ్చినచోట రాత్రి గడపుట కూడ అనేక ప్రదేశములందు నిషిద్ధము. ఈ నియమములను అచ్చటి ప్రయాణికులు ఎవరి కావలియు లేకయే పాటించుట చూచి నాకు గౌరవము కలిగినది.

బండ్లు మనవలెనే ఎడమవైపున నడచును గనుక, చోదకునకు క్రొత్త తడబాటు లేదు. అయితే సంధ్యవేళ మొదలుకొని తెల్లవారువరకు కంగారూలును, వాంబాట్ అను బరువైన పొట్టి జంతువులును రోడ్డుమీదికి వచ్చును. అందుచేత ప్రొద్దు గ్రుంకకమునుపే బండిని నిలుపుకొనుట ఉత్తమము. పలు అద్దె ఒప్పందములలో రాత్రివేళ ఊరి వెలుపల బండి నడుపరాదను షరతు కూడ ఉండును. వంట విషయమున మనవారికి ఒక సూచన. ఎత్తైన ప్రదేశములలో నీరు తక్కువ వేడికే మరగును గనుక కందిపప్పు ఉడుకుటకు చాలసేపు పట్టును. నగరములోని భారతీయ దుకాణములలో బియ్యము, పప్పు కొనునప్పుడే ఒక చిన్న ప్రెషర్ కుక్కరు కూడ బండిలో పెట్టుకొనవలెను. రెండు పళ్ళెములు, రెండు గ్లాసులు, ఒక గిన్నె, ఒక కుక్కరు, ఇవియే సంసారము. "ఏమండీ, ఇంటికంటె ఇదే నయం, ఏ వస్తువూ వెతుక్కోనక్కరలేదు" అని నా భార్య అన్న మాటలో పరిహాసము లేదు. ఇంత చిన్న గృహమున ఒకరు లేచినగాని మరియొకరు కదలుటకు వీలులేనప్పుడు, మాటలాడుకొను అవకాశము దానంతట అదియే వచ్చును.

కాన్‌బెర్రా నుండి దక్షిణముగా సుమారు 115 కిలోమీటర్లు పోగా కూమా అను పట్టణము వచ్చును. కొండల నడకకు తొందరపడువారు ఈ ఊరిని దాటి పోవుదురు గాని, అట్లు పోవుట తగదని నా మతము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇల్లు వాకిలి కోల్పోయిన ఐరోపావాసులు వేలకు వేలుగా ఈ ఊరికి వచ్చి, సముద్రమునకు పారిపోవుచున్న స్నోయీ నది జలములను పర్వతగర్భముగుండ పడమటికి త్రిప్పి, మర్రే, మర్రంబిడ్జీ నదులలో కలుపు మహాకార్యమునందు పాల్గొనిరి. 1949 లో ఆరంభమై 1974 లో ముగిసిన ఆ స్నోయీ పర్వత పథకమున 16 పెద్ద ఆనకట్టలు, 7 విద్యుత్కేంద్రములు, 145 కిలోమీటర్ల సొరంగములు నిర్మితమైనవి. ముప్పదికి మించిన దేశములనుండి వచ్చిన లక్షమందికి పైగా స్త్రీపురుషులు అందు పనిచేసిరి. 121 మంది ప్రాణములు కోల్పోయిరి. నిన్నటివరకు యుద్ధమున పరస్పరము శత్రువులైన జాతులవారు ఒకే సొరంగమున ఒకే దీపపు వెలుగున రాళ్ళు పగులగొట్టిరని తలచినప్పుడు, నేటి ఆస్ట్రేలియా సమాజము యొక్క బహుజాతి స్వరూపమునకు పునాదులలో ఒకటి ఇచ్చటనే పడినదని అంగీకరింపక తప్పదు.

ఆ జలాశయములకై ఆడమినబీ, జిందాబైన్ అను ఊళ్ళు మునిగిపోగా, ప్రజలను ఎగువన క్రొత్త ఊళ్ళకు తరలించిరి. చెక్క ఇండ్లు కొన్నిటిని లారీలమీద యథాతథముగా మోసికొనిపోయిరట. యుకంబీన్ జలాశయమున నీరు తగ్గిన కరవు సంవత్సరములలో పాత ఆడమినబీ మెట్లును, పునాదులును బయటపడును. శ్రీశైలము జలములు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయము తేలుట ఎరిగిన కర్నూలు ప్రాంతమువారికి ఆ దృశ్యము యొక్క వేదనను వివరింపనక్కరలేదు.

ఇక నడక. జిందాబైన్ దాటి త్రెడ్బో చేరినచో, అచ్చటి కుర్చీ రోప్‌వే పథికులను ఒక్కసారి పీఠభూమి అంచునకు చేర్చును. అచ్చటినుండి శిఖరమునకు పోయి వచ్చుటకు 13 కిలోమీటర్లు. దారిలో చాలభాగము నేలకు కొంచెము ఎత్తున పరచిన ఇనుప జల్లెడ బాట. క్రింద గడ్డియు పూలమొక్కలును దాని రంధ్రములగుండ ఎండను త్రాగుచు పెరుగుచుండును. కొండమీద ఇనుము పరచుట సౌందర్యభంగము కాదా యని మొదట నాకును తోచినది. కాని కారణము తెలిసిన తరువాత ఆ శంక తొలగినది. వందేండ్లకు పైగా వేసవిలో ఆలమందలను గొఱ్ఱెలమందలను ఈ ఎత్తులమీదికి తోలి మేపుటచేత, పచ్చిక చచ్చి, మన్ను కొట్టుకొనిపోయి, రాతి ఎముకలు బయటపడినవి. 1944 లో రక్షిత వనము ఏర్పడిన తరువాత క్రమముగా మేపును ఆపి, ఆ గాయములను మాన్పుటకు దశాబ్దముల కృషి అవసరమైనది. ఏడాదిలో కొద్ది నెలలు మాత్రమే పెరుగు ఆ మొక్కలు ఒక్కసారి నలిగినచో మరల కోలుకొనుటకు ఎన్నియో ఏండ్లు పట్టును. ఇచ్చట బురదనేలలలో పెరుగు నాచు మంచునీటిని పట్టియుంచి కొంచెము కొంచెముగా నదులకు విడుచును. అనగా దిగువ మైదానముల పంటలకు మూలము ఈ మెత్తని నేలయే.

త్రెడ్బో దారి సులభము. నడక అలవాటున్నవారికి మాత్రము షార్లెట్ పాస్ నుండి బయలుదేరు మెయిన్ రేంజ్ మార్గమే ఉత్కృష్టమని నా నిశ్చితాభిప్రాయము. అది సుమారు 22 కిలోమీటర్ల వలయము; తెల్లవారుజామున బయలుదేరినగాని కాలము చాలదు. మొదట లోయలోనికి దిగి, ఇంకను బాల్యావస్థలో నున్న స్నోయీ నదిని రాళ్ళమీద అడుగులు వేయుచు దాటవలెను. నీరు ఎక్కువగా నున్నప్పుడు ఇరువురు చేతులు పట్టుకొని దాటుట అలంకారమునకు కాదు, అవసరమునకే. ఆవలి ఒడ్డున ఎక్కుడు; ఎక్కిన కొలది బ్లూ లేక్, క్లబ్ లేక్, ఆల్బినా అను సరస్సులు ఒకదాని తరువాత నొకటి కనబడును. పూర్వము హిమయుగమున హిమనదములు కొండచరియలను తొలిచి విడిచిన గుంటలవి. ప్రధానభూభాగమున ఆ హిమయుగపు హిమనదముల చేతిపని మిగిలియున్నది ఈ కొద్ది ప్రదేశముననే. జనవరిలో వెండి ఛాయ గల ఆకులతో తెల్లని డైసీ పూవులు పర్వతపార్శ్వములను కప్పివేయును. ఎడమవైపు సౌమ్యముగా ఒదిగిన నేల, కుడివైపు ఒక్కసారిగా పడమటికి విరిగిపడు లోయలు. ఈ రెంటి నడుమ సాగు గట్టుమీద నడచుచుండగా మేమిరువురము చాలసేపు మాటలాడుకొనలేదు.

కోసియాస్కో శిఖరమునకు ఆ పేరు పెట్టినవాడు పోలండు దేశీయుడు, పావెల్ స్ట్రెలెట్స్కీ. 1840 లో ఇచ్చటికి వచ్చిన ఆయన, క్రాకో నగరమున తన దేశపు స్వాతంత్ర్యవీరుడు కోసియాస్కో స్మృతికై ప్రజలు పోసిన మట్టిదిబ్బను ఈ కొండ ఆకారము తలపించెనని ఆ పేరుంచెను. పరపీడనములో నున్న దేశమును విడిచి భూగోళపు అవతలి అంచునకు వచ్చినవానికి మొదట గుర్తు వచ్చినది స్వదేశవీరుడగుట హృదయమును కదలించు విషయము. శిఖరముచేరువ వరకు ఒకప్పుడు మోటారు బండ్లు పోయెడివి. 1970 లలో ఆ దారిని పాదచారులకును సైకిళ్ళకును వదలిరి. ఆ దారిలోనే సీమన్స్ హట్ అను రాతి ఆశ్రయము కలదు. 1928 లో మంచుతుపానున చిక్కి లారీ సీమన్, ఎవాన్ హేస్ అను ఇరువురు యువకులు మరణింపగా, సీమన్ కుటుంబమువారు మరెవ్వరికిని ఆ గతి పట్టరాదని మరుసటి ఏట దానిని కట్టించిరి.

ఈ కొండలలో ప్రాణుల చరిత్ర మనుష్యుల చరిత్రకంటె ఆశ్చర్యకరము. బోగాంగ్ అను గోధుమవన్నె చిమ్మటలు క్వీన్స్‌లాండు మొదలగు వేడి మైదానములలో పుట్టి, వసంతమున వేయి కిలోమీటర్లవరకు రాత్రులందు ఎగిరి, తామెన్నడును చూడని ఈ కొండల గుహలకు వచ్చి, వేసవి అంతయు రాతి చీలికలలో ఒకదానినొకటి అంటుకొని నిశ్చలముగా గడపి, శరత్కాలమున మరల పుట్టినచోటికి పోయి గ్రుడ్లు పెట్టి మరణించును. అవి భూమియొక్క అయస్కాంత క్షేత్రమును, ఆకాశమున నక్షత్రములను ఆధారము చేసికొని దారి తెలిసికొనునని శాస్త్రజ్ఞులు ఇటీవలి పరిశోధనలలో నిరూపించిరి. ఆదివాసులైన న్గారిగో మొదలగు జాతులవారు యుగములుగా వేసవిలో ఈ ఎత్తులకు చేరి, కొవ్వు నిండిన ఆ చిమ్మటలను కాల్చి భుజించుచు, వివాహములును ఒడంబడికలును జరుపుకొనెడివారు. పర్వత పిగ్మీ పాసమ్ అను చిన్న సంచిజంతువునకు కూడ ఈ చిమ్మటలే ప్రధానాహారము. శిలాజములలో మాత్రమే మిగిలినదని శాస్త్రజ్ఞులు తలచిన ఆ జంతువు 1966 లో విక్టోరియాలోని మౌంట్ హాథమ్‌పై ఒక స్కీయింగు బసలో సజీవముగా దొరికినది. ఆ కొండమీద రహదారి వేయుటచేత మగవానికిని ఆడుదానికిని ఎడబాటు కలిగినదని గ్రహించి, 1980 లలో దారి క్రింద రాళ్ళు నింపిన చిన్న సొరంగములు కట్టిరి. అవి ఆ దారిన పోయి ఒకదానినొకటి కలిసికొనుచున్నవి. ఇంతటి చిన్న ప్రాణి దాంపత్యమునకై ఒక ప్రభుత్వము రోడ్డు క్రింద త్రవ్వించినదని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతింతనరాదు. 2017 మొదలు మూడేండ్ల కరవులో చిమ్మటల సంఖ్య విపరీతముగా పడిపోయి, ఆ సంవత్సరములలో పాసములు ఆకలితో పిల్లలను కోల్పోయినవి.

త్రెడ్బోను దాటి ఆల్పైన్ వే అను మార్గమున పడమటికి దిగుచు టామ్ గ్రాగిన్, గీహై అను నదీతీర స్థలములలో బండి నిలిపినచో, మర్రే నది లేక దాని ఉపనది నీటి చప్పుడు వినుచు నిద్రింపవచ్చును. ఇరువైపుల స్నో గమ్ అను మెలితిరిగిన యూకలిప్టస్ వృక్షములు 2003 లోను 2019-20 లోను కాలిన కార్చిచ్చులచే వెండి కంకాళములవలె నిలిచియున్నవి. కొన్నిటి మొదళ్ళనుండి క్రొత్త చిగుళ్ళు వచ్చినవి. విక్టోరియాలో బ్రైట్ పట్టణమును చేరి గ్రేట్ ఆల్పైన్ రోడ్డు పట్టి హాథమ్ ఎక్కినచో, రేజర్‌బ్యాక్ గట్టు మీదుగా 1,922 మీటర్ల ఫెదర్‌టాప్ శిఖరమునకు పోయి వచ్చు 22 కిలోమీటర్ల నడక కలదు. రెంటిలో ఒకదానికే వ్యవధి యున్నవారు మెయిన్ రేంజ్‌నే ఎన్నుకొనవలెను.

జాగ్రత్తలు కొన్ని. ఎండకాసిన ఉదయము మధ్యాహ్నమునకు మంచుగాలిగా మారుట అచ్చట సామాన్యము. నడివేసవిలో సైతము ఉన్ని వస్త్రమును, వాన కోటును సంచిలో ఉంచవలెను. ఫోను సిగ్నలును నమ్మరాదు. న్యూ సౌత్ వేల్స్ జాతీయోద్యానముల శాఖవారు, ఆపదలో ఉపగ్రహము ద్వారా సంకేతము పంపు చిన్న పరికరమును ఉచితముగా ఎరువిత్తురు; దానిని తీసికొని, పోవు దారిని, మరలి వచ్చు వేళను ముందుగా తెలియజేసి పోవలెను. నిప్పు నిషేధదినములలో వెలుపల పొయ్యి ముట్టించుట నేరము. శీతకాలమున ఆ కొండరోడ్లలో పలుచోట్ల పోవు సామాన్య వాహనములు మంచు గొలుసులను వెంట ఉంచుకొనుట తప్పనిసరి. పలు అద్దె కంపెనీలు తమ బండ్లను ఆ కాలమున మంచు ప్రదేశములకు తీసికొనిపోనియ్యవు.

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు, స్వదేశమునుండి వచ్చిన తలిదండ్రులకు ఓపెరా హౌసును, సముద్రతీరమును చూపి పంపుచున్నారు. నడువగల తలిదండ్రులను ఒక్క వారము ఈ కొండలకు కూడ తీసికొనిపోవలసినదని, లేదా బండి తాళము వారి చేతికిచ్చి వారిరువురినే పంపవలసినదని నా విన్నపము.