రెండోసారి నడిపితే ఏమవుతుంది?

కొత్తగా లినక్స్ వేసుకున్నాక ఎంత చాకిరీ ఉంటుందో తెలిసిందే. తెలుగు ఫాంట్లు, ఐబస్ కీబోర్డు, బ్రౌజరు, ఎడిటరు, అలవాటైన షార్ట్‌కట్లు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. విసుగెత్తినవాళ్లు ఆ కమాండ్లన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి షెల్ స్క్రిప్టు చేస్తారు. ల్యాబులో ఇది చూపిస్తుంటే ఒకమ్మాయి అడిగింది: “మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదట్నుంచి నడపొచ్చా సార్?”

అసలు కిటుకంతా అక్కడే ఉంది. బాష్‌ఆర్‌సీ ఫైలు చివర ఒక లైను చేర్చమని స్క్రిప్టులో రాశామనుకోండి. రెండోసారి నడిపితే అదే లైను రెండుసార్లు పడుతుంది. ఫోల్డరు చెయ్యమంటే, అది ముందే ఉందని ఎమ్‌కేడిర్ మొరాయిస్తుంది. దానికే ‘మైనస్ పీ’ తగిలిస్తే, లేని ఫోల్డరు చేస్తుంది, ఉన్నదాని జోలికి పోదు. బాష్‌ఆర్‌సీ లైనుకీ అదే మందు: ముందు గ్రెప్‌తో వెతికించి, కనబడకపోతేనే చేర్పించాలి. గణితంలో పరమమూల్యం ఇలాంటిదే. మైనస్ 5కు తీస్తే 5 వస్తుంది. ఆ 5కు ఎన్నిసార్లు తీసినా 5 దాటదు. అంటే స్క్రిప్టుకు ఏం చెయ్యాలో కాదు, చివరికి ఏం ఉండాలో చెప్పాలి.

ఈ ఆలోచనకు పనిముట్టు రూపం ఇచ్చినవాడు మార్క్ బర్జెస్. 1993లో ఆయన ఓస్లో విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతికశాస్త్ర పరిశోధకుడు. అక్కడి వర్క్‌స్టేషన్లలో రకరకాల యూనిక్స్‌లు. ఒకదాని కమాండు ఇంకోదానికి పనికిరాదు. స్క్రిప్టులు ‘ఇదైతే ఇలా, అదైతే అలా’ అనే షరతులతో నిండిపోయేవి. ఆయన రాసిన సీఎఫ్‌ఇంజిన్‌కు కావలసిన స్థితి చెబితే చాలు, తేడా ఉన్నచోటే సరిదిద్దుతుంది. గిన్నెలో గోళీ ఎటువైపు నుంచి వదిలినా అడుక్కే చేరినట్టు, యంత్రం ఏ స్థితిలో ఉన్నా అక్కడికే రావాలన్నది ఆయన పట్టు.

దీనికి ఎదురువాదం 2002లో వచ్చింది. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల లీసా సమావేశంలో స్టీవ్ ట్రాగాట్, లాన్స్ బ్రౌన్ ‘వరస ముఖ్యం’ అన్నారు. రెండు యంత్రాలు అచ్చం ఒకేలా ఉండాలంటే అవే మార్పులు అదే క్రమంలో చెయ్యడమే చవకైన దారి అన్నది వాళ్ల మాట. ఉబుంటులో మీరే చూడండి. ప్యాకేజీ కంటే ముందే దాని సెట్టింగుల ఫైలును ఈటీసీలో పెట్టేస్తే, తర్వాత వచ్చిన డీపీకేజీ “ఇక్కడ ఇంకో ఫైలుంది, ఏది ఉంచమంటారు?” అని ఆగిపోతుంది. రాత్రి నడవడానికి వదిలేసిన స్క్రిప్టు పొద్దున్నదాకా జవాబు కోసం ఎదురుచూస్తుంది! ముందు ప్యాకేజీ, తర్వాత ఫైలు అంటే ఆ గొడవే లేదు.

తర్వాతి కథ చకచకా నడిచింది. 2005లో పప్పెట్ అనే పనిముట్టు బర్జెస్ బాట పట్టింది. 2012లో వచ్చిన యాన్సిబుల్ ఆ రెండు వాదాలకూ రాజీ కుదిర్చింది: పనులు రాసిన వరసలోనే జరుగుతాయి, ఒక్కో పనీ ముందు స్థితి చూసుకుంటుంది. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజరు, దానిమీద కట్టిన నిక్స్‌ఓఎస్ ఇంకో అడుగు ముందుకు వేశాయి. మామూలు స్క్రిప్టులోంచి ఒక ప్యాకేజీ పేరు కొట్టేసినా అది యంత్రంలో అలాగే ఉండిపోతుంది. నిక్స్‌ఓఎస్ జాబితాలోంచి కొట్టేస్తే, అది లేని కొత్త వ్యవస్థను కట్టి దానికి మారుతుంది. కావాలంటే పాతదానికి వెనక్కి వెళ్లొచ్చు.

ఒక్క డెస్క్‌టాప్‌కు ఇంత హంగామా అక్కర్లేదు, షెల్ స్క్రిప్టు చాలు. కానీ దాన్ని మొదట వర్చువల్ మెషీన్లో వెంటవెంటనే రెండుసార్లు నడపండి. రెండోసారి ఏదైనా మారిందంటే, స్క్రిప్టులో ఎక్కడో ‘ఉండాలి’ అనాల్సిన చోట ‘చేర్చు’ అని రాసి ఉంటారు.