యంత్రంలోని యంత్రానికి తాళపుచెవి

ముత్యంపేట, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతపు బజారులలో పెండ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కూర్చి ఇచ్చే డి.టి.పి. దుకాణాలు ఉన్నవి. ఇట్టి దుకాణాలలో తెలుగు కూర్పు చిరకాలం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌పైననే ఆధారపడినది. దాని కడపటి రూపం 2001లో వెలువడినది. దానితో వాడిన తెలుగు ఖతులు యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. ఆ ఖతి లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు పొంతన లేని గుర్తులు కనబడతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లకు డాంగిల్ అనే బొటనవ్రేలంత తాళపుచెవి కూడ ఉండేది. అది యు.ఎస్.బి. రంధ్రంలో లేకున్నచో సాఫ్ట్‌వేర్ పనిచేయదు. పాత కంప్యూటర్ మూలపడినదంటే, ఇరువదియేండ్లుగా కూర్చిన ఫైళ్లన్నీ ఆ దుకాణదారునికి చేజారినట్లే.

దీనికొక ఉపాయమున్నది. కొత్త కంప్యూటర్ లోపల, కేవలం ప్రోగ్రాము రూపంలో, మరొక కంప్యూటర్‌ను కల్పించవచ్చును. దానినే వర్చువల్ మెషీన్ అంటారు. ఊహ కొత్తది కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1960 దశకంలోనే తన పెద్ద యంత్రాలపై దీనిని సాధించినది. బల్లమీది కంప్యూటర్లకు వి.ఎం.వేర్ సంస్థ 1999లో అందించినది. 2007 నుండి వర్చువల్‌బాక్స్ కూడ అందరికీ అందుబాటులోకి వచ్చినది. ఆశ్రయమిచ్చే కంప్యూటర్‌ను ఆతిథేయి అని, లోపలి దానిని అతిథి అని వ్యవహరిస్తారు. అతిథిలో పాత విండోస్ ఎక్స్‌పి నెక్కించి, అందులో పేజ్‌మేకర్ తెరువవచ్చును.

చిక్కు ఇక్కడే వస్తుంది. డాంగిల్‌ను గుచ్చినాము, దాని దీపమూ వెలిగినది. అయినా లోపలి ఎక్స్‌పి తాళపుచెవి లేదంటుంది.

కారణం యు.ఎస్.బి. స్వభావంలోనే ఉన్నది. 1996లో వెలువడిన ఈ ప్రమాణంలో దారికి యజమాని ఒక్కడే. పరికరం తనంతట తాను మాటాడదు, అడిగినప్పుడే బదులిస్తుంది. కీబోర్డుపై మీట నొక్కినా, ‘చెప్పవలసినది ఏమైనా ఉన్నదా?’ అని కంప్యూటర్ అడిగేదాకా ఆ కబురు కీబోర్డులోనే ఉంటుంది. పరికరాన్ని గుచ్చిన వెంటనే కంప్యూటర్ దానికి 1 నుండి 127 లోపు ఒక చిరునామా ఇచ్చి, నీవెవరవని ప్రశ్నిస్తుంది. అది తయారీదారు సంఖ్యను, వస్తువు సంఖ్యను చెప్పుకొంటుంది. ఈ సంభాషణ అంతా ఆతిథేయితోనే జరిగిపోయినది. అతిథికి ఉన్న రంధ్రాలన్నీ కల్పితాలే గదా!

కనుక పరికరాన్ని ఆతిథేయి చేతినుండి విడిపించి అతిథికి అప్పగించవలెను. వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాము ఆ పరికరాన్ని తన వశం చేసుకొని, అతిథి అడిగే ప్రశ్నలను దానికి, దాని జవాబులను అతిథికి చేరవేస్తుంది. ఆ క్షణం నుండి ఆతిథేయికి అది కనబడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. బయట కనబడుట మానినదని కంగారుపడి మరల మరల పీకి గుచ్చేవారు ఉన్నారు. అప్పగింత సరిగా జరిగినదనుటకు అదే గుర్తు!

ఆచరణలో చేయవలసినది స్వల్పమే. అతిథిని ఆపి, దాని సెట్టింగ్‌లలో యు.ఎస్.బి. విభాగాన్ని తెరచి, ఎక్స్‌పికి 2.0 పద్ధతిని ఎంచుకొనవలెను, 3.0కు తగిన డ్రైవర్ ఎక్స్‌పిలో లేదు. 2022లో వచ్చిన 7.0 రూపానికి ముందు వర్చువల్‌బాక్స్‌లో ఈ 2.0 పద్ధతికి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అనే అనుబంధం వేరుగా కావలసివచ్చేది. పిమ్మట డాంగిల్ పేరిట ఒక ఫిల్టర్ చేర్చితే, అది గుచ్చినప్పుడెల్ల నేరుగా అతిథికే పోతుంది. ఆతిథేయి లినక్స్ అయినచో, వాడుకరి పేరు వి-బాక్స్-యూజర్స్ అనే బృందంలో ఉండవలెను. చాలమందికి పని సాగకపోవుట ఇక్కడే. డాంగిల్‌కు సంబంధించిన డ్రైవర్‌ను అతిథిలోనే ఎక్కించవలెను.

పెన్ డ్రైవ్ సంగతి వేరు. బయటి కంప్యూటర్ దానిపై వ్రాత ముగించకముందే లోపలికి అప్పగిస్తే ఫైళ్లు చెడిపోగలవు. ఫైళ్ల రాకపోకలకు రెండు యంత్రాలూ చూడగలిగే ఉమ్మడి ఫోల్డర్ మేలు. మైకులకు మరొక బాధ ఉన్నది. శబ్దానికి క్షణక్షణమూ వేళ తప్పకుండ సమాచారం అందవలెను. నడుమ ప్రోగ్రాము చేరేసరికి గరగర వినబడవచ్చును. రేడియోవారికి ఈ ఏర్పాటు నేను సిఫారసు చేయను.

ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో నిలిచినవి. అక్షరాలు కూర్చుటకు ఇంటర్నెట్ అక్కరలేదు కనుక, ఆ అతిథికి నెట్‌వర్క్ తీసివేయుటే క్షేమం. టెండర్లకు, పన్ను పత్రాలకు వాడే డిజిటల్ సంతకపు టోకెన్‌ను మాత్రం అట్టి పాత అతిథికి అప్పగించరాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం ఆ సంతకం చేవ్రాలుతో సమానంగా చెల్లుతుంది. దానిని సవరణలు అందే వ్యవస్థలోనే వాడి, పని ముగియగానే తీసివేయవలెను. డాంగిల్‌కు ఆ భయం లేదు. అతిథిని మూసివేసినంతనే అది తిరిగి ఆతిథేయికి కనబడుతుంది.