తిరుగు టికెట్ ఉంటేనే ఊరు

శుక్రవారం సెలవొచ్చిందంటే చాలు, హాస్టల్ గదుల్లో అందరి ఫోన్లలో రైళ్ల యాప్ తెరుచుకుంటుంది. మధ్యలో శనివారం క్లాసులున్నాయా? మాస్ బంక్ కొట్టేద్దామని వాట్సాప్ గ్రూపులో అప్పటికే తీర్మానం అయిపోయి ఉంటుంది. హాజరు 75 శాతం దగ్గర ఊగిసలాడుతున్నవాళ్లు మాత్రం నోరు మెదపరు.

వెళ్లాలా, ఉండిపోవాలా? చూడ్డానికి ఇది దూరం లెక్కే. కానీ మెలికంతా తిరుగు ప్రయాణంలో ఉంది. వెళ్లేటప్పుడు జనరల్ బోగీలో బ్యాగు మీద కూర్చునైనా వెళ్లిపోతారు, ఊరి ధ్యాసలో నడుం నొప్పి తెలీదు. ఆదివారం రాత్రి విజయవాడలో బస్సెక్కి, తెల్లవారుజామున హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో దిగి, రెండు చెంబులు పోసుకుని, తొమ్మిదిన్నరకల్లా ల్యాబ్‌లో నిలబడడం వేరే సంగతి. పలాస వాళ్లయితే ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తూనే గడియారం చూసుకోవాలి. అందుకే ముదిరిన సీనియర్లు తిరుగు టికెట్ ఖాయమయ్యాకే ఇంటికి ఫోన్ చేస్తారు. ముందే చెబితే అమ్మ అరిసెలకు బియ్యం నానబోసేస్తుంది, ఇక మానుకోవడం కుదరదు.

హైదరాబాద్‌లో చదివే ఆంధ్ర పిల్లలకు సంక్రాంతి మరీ చిక్కు. తెలంగాణలో పెద్ద సెలవులు దసరాకి. సంక్రాంతికి చాలా ఇంజనీరింగ్ కాలేజీలు మూడు నాలుగు రోజులతో సరిపెడతాయి. కోస్తాలో అసలు పండగ అదే. రైలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. అయినా జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 పొద్దున్నే బుక్ చేయాలి. మిడ్ పరీక్షలు ఎప్పుడో అప్పటికి ఎవరికి తెలుసు? ఇక దిక్కు తత్కాల్. ముందురోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. సరిగ్గా క్లాసు నడిచే వేళ! వెనక బెంచీలో ఒకడు బల్ల కింద ఫోన్ పట్టుకుంటాడు, పక్కవాడు లెక్చరర్‌ను కనిపెడుతుంటాడు. 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరించిన ఖాతా కూడా ఉండాలి. అది ఆ ఇద్దరిలో ఒకడికే ఉంటుంది. రైలు దొరక్కపోతే ఆర్టీసీ స్పెషల్. దానికి ఛార్జీ ఒకటిన్నర రెట్ల దాకా.

ఇంత తంటా పడి వెళ్తే ఇంట్లో దక్కేదెంత? సగం నిద్రకు, పావు చుట్టాల పలకరింపులకు పోతుంది. నన్నడిగితే, పండగ రద్దీలో వేలాడుతూ వెళ్లేకన్నా ఏ పండగా లేని వారాంతంలో వెళ్లడమే నయం. ఆ రెండు రోజులూ నాన్న తీరిగ్గా దొరుకుతాడు, కూరలో ఉప్పు తక్కువైనా ఎవరూ కంగారుపడరు. ఉండిపోయినవాళ్ల అవస్థా చిన్నదేం కాదు. మెస్‌లో పూటకో పులిహోర, ఖాళీ కారిడార్లు, ఇంటి ఫొటోలతో నిండిన స్టేటస్‌లు.

తెలంగాణ అమ్మాయిలకు మాత్రం 2023 డిసెంబరు 9 తర్వాత లెక్క మారింది. మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ‘జీరో టికెట్’, అంటే ప్రయాణం ఉచితం. కరీంనగర్ అమ్మాయి శనివారం జూబ్లీ బస్ స్టేషన్‌లో ఆధార్ చూపించి ఎక్కేస్తుంది. సీటు దొరకడం అదృష్టాన్ని బట్టి. ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15న ఇలాంటిదే స్త్రీశక్తి పథకం వచ్చింది గానీ అది ఆ రాష్ట్రం దాకానే. హైదరాబాద్‌లో చదివే గుంటూరు అమ్మాయికి రెండు పథకాలూ ఉండీ లేనట్టే.

ఆ గుంటూరు అమ్మాయి క్లాసులోనే చదివే కరీంనగర్ అబ్బాయి ఛార్జీ లెక్కేసుకుని ఆగిపోతాడు. ‘ఈ వారం రాను అమ్మా, పైసలు దండగ’ అంటాడు. ఆదివారం పదకొండింటికి హాస్టల్ గేటు దగ్గర నుంచి ఫోనొస్తుంది. తల్లి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటుంది. జీరో టికెట్ ఆమెకూ ఉంది మరి.