టెలికాం ఓపెన్ ఏపీఐల పుట్టుపూర్వోత్తరాలు

దేశాల ఎల్లలు దాటే తంతివార్తలకు ఉమ్మడి నియమాలు కుదుర్చుకోవడానికి 20 దేశాలు 1865 మే 17న పారిస్‌లో అంతర్జాతీయ టెలిగ్రాఫ్ సమాఖ్యను నెలకొల్పిన నాటి నుంచి, వేర్వేరు సంస్థల యంత్రాల మధ్య సంభాషణ బహిరంగ ఒప్పందాల మీదే నడుస్తూ వచ్చింది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు చేసిన ఫోన్ కాల్ దారిలో ఎన్ని కంపెనీల చేతులు మారినా గమ్యం చేరుతున్నదంటే, ఆ కంపెనీలన్నీ ఒకే సంకేత నియమావళిని పాటించడమే కారణం. అయితే బయటివారితో ఇంత పద్ధతిగా వ్యవహరించిన పెద్ద టెలికాం సంస్థలే, బిల్లు వేసే కంప్యూటరుకూ కనెక్షన్ ఇచ్చే కంప్యూటరుకూ మధ్య అటువంటి కట్టుబాటు ఏదీ లేకుండా దశాబ్దాలు గడిపాయి. ఓపెన్ ఏపీఐల అవసరం ఈ లోటు నుంచే పుట్టింది.

ఏపీఐ, అంటే అప్లికేషన్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్, ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌ను ఏ పని అడగవచ్చో, ఏ రూపంలో అడగాలో, జవాబు ఏ రూపంలో వస్తుందో ముందుగానే నిర్ణయించి రాసిపెట్టిన ఒప్పందం. ఆ ఒప్పందం ఒక్క తయారీదారు సొత్తు కాకుండా అందరికీ అందుబాటులో ఉంటే అది ఓపెన్ ఏపీఐ అవుతుంది. దాని వెనుకనున్న భాగాన్ని, తక్కిన వ్యవస్థను కదిలించకుండా, తీసి మరొకటి పెట్టుకోగలిగితే ఆ నిర్మాణాన్ని మాడ్యులర్ అంటారు.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీకి మొదట్లో ఈ సౌలభ్యం లేదు. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ 1891లో పేటెంటు పొందిన స్వయంచాలక స్విచ్చిలో కాల్ ఎటు పోవాలన్న నిర్ణయం లోహపు భాగాల కదలికలోనే ఇమిడి ఉండేది గనుక, కొత్త సేవ కావాలంటే యంత్రాన్నే మార్చవలసి వచ్చేది. 1965లో న్యూజెర్సీలోని సక్కసన్నాలో పని మొదలుపెట్టిన నంబర్ 1 ఈఎస్ఎస్ ఎక్స్‌ఛేంజీ ఆ నిర్ణయాన్ని మెమరీలో భద్రపరచిన ప్రోగ్రాముకు అప్పగించింది; భారతదేశంలో 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన గ్రామీణ ఎక్స్‌ఛేంజీలూ ఈ కోవకు చెందినవే. అయినా ప్రోగ్రాము ఎక్స్‌ఛేంజీ గర్భంలోనే ఉండిపోవడం వల్ల ప్రతి మార్పుకూ తయారీదారునే ఆశ్రయించవలసి వచ్చింది. 1980లలో రూపుదిద్దుకొన్న ఇంటెలిజెంట్ నెట్‌వర్క్ ఈ ముడిని కొంత విప్పింది: టోల్‌ఫ్రీ నంబరు తగలగానే ఎక్స్‌ఛేంజీ కాల్‌ను క్షణకాలం ఆపి, దాని అసలు నంబరు ఏదని వేరే చోటనున్న డేటాబేస్‌ను అడిగి, జవాబును బట్టి కాల్‌ను ముందుకు పంపుతుంది.

బయటి ప్రోగ్రామర్లకు కూడా నెట్‌వర్క్ తలుపు తెరవాలని బ్రిటిష్ టెలికాం, మైక్రోసాఫ్ట్, నోర్టెల్, సీమెన్స్ వంటి సంస్థలు 1998లో పార్లే బృందంగా ఏర్పడ్డాయి గాని, వారి నిర్దేశాలు టెలికాం పరిభాషతో బరువెక్కి సామాన్య ప్రోగ్రామరుకు కొరుకుడుపడలేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాయ్ ఫీల్డింగ్ తన 2000 నాటి పరిశోధన గ్రంథంలో వివరించిన రెస్ట్ అనే శైలి, వెబ్ పేజీలను తెచ్చే నియమాలతోనే సాఫ్ట్‌వేర్ల మధ్య సంభాషణ కూడా నడపవచ్చని చూపడంతో, తరువాతి కాలపు ఏపీఐలకు ఆ శైలే పునాది అయింది.

ఈలోగా సంస్థల లోపల చిక్కు ముదిరింది. ల్యాండ్‌లైన్, మొబైల్, బ్రాడ్‌బ్యాండ్, టీవీ ఒక్కొక్కటే వచ్చినప్పుడల్లా దానికొక బిల్లింగ్ వ్యవస్థ, దానికొక వినియోగదారుల జాబితా పుట్టుకొచ్చాయి. నలభై వ్యవస్థలను ఏ రెంటికి ఆ రెంటిని విడివిడిగా కలుపుతూ పోతే 780 లంకెల దాకా పెరగవచ్చు. ఒకదానిలో చేసిన సవరణ మరెక్కడ బెడిసికొడుతుందో ఎవరికీ తెలియని స్థితిలో, కొత్త ప్లాన్ ప్రవేశపెట్టడమే ఒక ప్రాజెక్టు అయి కూర్చుంటుంది.

1988లో ఏర్పడి తరువాత టీఎం ఫోరమ్‌గా పేరు మార్చుకొన్న పరిశ్రమ సంఘం ఈ చిక్కును విప్పేందుకు ఒక ఏపీఐ శ్రేణిని ప్రచురించింది. అందులో 620 సంఖ్య గలది అమ్మకానికున్న ప్లాన్ల పట్టికకు, 622 వినియోగదారుని ఆర్డరుకు, 641 నెట్‌వర్క్‌లో జరగవలసిన పనికి, 678 బిల్లుకు సంబంధించినవి. ఒక ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ కావాలని కంపెనీ యాప్‌లో నమోదైతే, యాప్ 622 ద్వారా ఆర్డరును పంపుతుంది. అవతలి వ్యవస్థ దానికొక గుర్తింపు సంఖ్యను కేటాయించి, అందింది, పనిలో ఉంది, ఆగి ఉంది, పూర్తయింది, విఫలమైంది వంటి నిర్ణీత స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంచుతూ, స్థితి మారినప్పుడల్లా కబురు పంపుతుంది. లైను బిగించేదెవరో, ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో యాప్‌కు తెలియనవసరం లేదు.

పాత వ్యవస్థను ఒక్క రాత్రిలో పీకి పారేయడం లక్షల బిల్లులతో చెలగాటం గనుక, దాని ముందు ఏపీఐని నిలిపి, ఒక్కొక్క సేవనే వెనుకనున్న కొత్త వ్యవస్థకు మళ్లించడం ఆచరణలో స్థిరపడిన పద్ధతి. తాటి మట్టల సందున మొలిచిన మర్రి క్రమంగా ఊడలు దించి తాటిని కమ్మేసినట్లు సాగే ఈ పద్ధతికి, సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో క్వీన్స్‌లాండ్ అడవుల్లోని ఆ జాతి చెట్ల పేరే పెట్టాడు. అయితే ముఖద్వారం ఎంత తీరుగా ఉన్నా, ఒకే మనిషి మూడు జాబితాల్లో మూడు చిరునామాలతో ఉంటే ఏపీఐ ఆ తప్పునే మరింత వేగంగా చేరవేస్తుంది. అందువల్ల ఏ సమాచారానికి ఏ విభాగం బాధ్యత వహించాలో తేల్చడమే ఆధునికీకరణలో అన్నింటికంటే కష్టమైన పని.

లోపలి పద్ధతి కుదిరిన తరువాత అదే తలుపు బయటికీ తెరుచుకొంటుంది. 2022లో మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ, లినక్స్ ఫౌండేషన్ కలిసి ప్రారంభించిన కమారా ప్రాజెక్టులోని సిమ్ స్వాప్ ఏపీఐ దీనికి ఉదాహరణ. మోసగాడు ఇతరుల నంబరుతో డూప్లికేట్ సిమ్ సంపాదిస్తే బ్యాంకు పంపే ఓటీపీ అతని చేతిలో పడుతుంది కాబట్టి, డబ్బు బదిలీకి ముందు ఈ నంబరు సిమ్ ఇటీవల మారిందా అని బ్యాంకు కంప్యూటరు అడుగుతుంది. గడువు చెప్పకపోతే గత 240 గంటలను లెక్కలోకి తీసుకొని, అవును లేదా కాదు అన్న ఒక్క జవాబే వస్తుంది. వినియోగదారుని ఇతర వివరాలేవీ బయటపడవు. ఇటువంటి నెట్‌వర్క్ ఏపీఐలను ఉమ్మడిగా విక్రయించేందుకు ఎరిక్సన్‌తో కలిసి 2024లో ముందుకు వచ్చిన సంస్థల్లో ఎయిర్‌టెల్, జియో కూడా ఉన్నాయి.

ఇంతటి స్వేచ్ఛకు మూల్యం లేకపోలేదు. ఏపీఐని ఒకసారి ప్రచురించాక దాని మీద ఆధారపడినవారు వందలమంది కావచ్చు గనుక, కొత్త వెర్షన్ వచ్చినా వారంతా మారేదాకా పాతదాన్ని బతికించక తప్పదు. వెనుకనున్న యంత్రాలను ఎన్నిసార్లు మార్చినా వాడుకరికి తెలియకూడదంటే, ఏపీఐలో ఇచ్చిన మాటను మాత్రం తోచినట్లు మార్చే హక్కును సంస్థ వదులుకోవలసి ఉంటుంది.