వెచ్చగా పలికే ఆంప్లిఫయరు

కిందటేడు మా నాన్నగారు ఆరు నెలలు ఫ్రీమాంటులో మా ఇంట్లో ఉన్నారు. ఆయన కోసమని ఘంటసాల పాటలు పెడితే, రెండు పాటలు విని "కట్టెయ్యరా, చెవుల్లో గీకినట్టుంది. మన పాత వాల్వు రేడియోయే నయం" అన్నారు. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న సిస్టం ఎదురుగా ఆ మాట వినడం కొంచెం కష్టంగానే అనిపించింది. ఆ రాత్రి నుంచి మూడు వారాలు "వార్మ్ సౌండ్" ఇచ్చే ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు కోసం వెతుకుతూ కూర్చున్నాను. వాల్వు ఆంపు ఎందుకు కొనలేదంటారా? రెండేళ్ళ పిల్లాడు తిరిగే ఇంట్లో ఆ కాలే గాజు బుడ్లు పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు.

అసలీ వెచ్చదనం ఏమిటి? ఏ ఆంప్లిఫయరైనా మనం ఇచ్చిన స్వరానికి తనదంటూ కొంత కలుపుతుంది. వాటినే హార్మోనిక్సు అంటారు. సంగీతం నేర్చుకున్నవారికి ఇది చెప్పడం తేలిక. మీరు షడ్జం ఇస్తే రెండో హార్మోనిక్ పై షడ్జం, మూడోది ఆ పైన పంచమం, అయిదోది ఇంకా పైన అంతర గాంధారం. తంబురాలో వినబడే గాంధారం ఇదే. ఇంతవరకు పేచీ లేదు. ఏడోది మాత్రం ఏ నిషాదంలోనూ సరిగ్గా కుదరదు. ఆ పైన తొమ్మిది, పదకొండు అలా పోతూంటే చెవికి గరుకే మిగులుతుంది. ఎక్కువగా రెండోదాన్ని కలిపే ఆంపు నిండుగా, వెచ్చగా పలికినట్టు ఉంటుంది. పైపైవాటిని కలిపేది గీకుతుంది.

ట్రాన్సిస్టర్లకి చెడ్డపేరు వచ్చింది ఈ పైవాటి వల్లే. క్లాస్ బి పద్ధతిలో తరంగం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి. సున్నా దగ్గర పని చేతులు మారుతుంది. సాయంత్రం ఆన్‌సైట్ వాళ్ళు ఆఫ్‌షోర్ వాళ్ళకి పని అప్పజెప్పేటప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా, ఇక్కడా అదే జరుగుతుంది! దీన్ని క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. తమాషా ఏమిటంటే, ధ్వని తగ్గించినకొద్దీ ఇది ఎక్కువగా బయటపడుతుంది, ఎందుకంటే పాట చిన్నదవుతుంది గాని ఆ అతుకు అంతే ఉంటుంది. దాన్ని సరిచెయ్యడానికి ఫీడ్‌బ్యాకు దట్టించిన ఆనాటి ఆంపుల్లో ఇంకో చిక్కు వచ్చింది. మృదంగం దెబ్బలాంటి హఠాత్ సంకేతానికి సర్క్యూటు అందుకోలేక తడబడేది. దీన్ని 1970లో మాటి ఒటాలా అనే ఫిన్లండు ఇంజనీరు ఒక పేపరులో విడమరిచి చెప్పాడు. ఇవన్నీ పాత గొడవలు. ఇవాళ్టి మంచి క్లాస్ ఏబీ ఆంపుల్లో ఈ రెండూ దాదాపు లేవు.

అతుకే లేకుండా చెయ్యాలంటే ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ పూర్తిగా మేలుకునే ఉండాలి. అది క్లాస్ ఏ. నెల్సన్ పాస్ 1991లో పెట్టిన పాస్ ల్యాబ్స్ పేరు తెచ్చుకున్నది ఈ దారిలోనే. వెచ్చదనం మాట అటుంచి, వేడి మాత్రం ఖాయం. ఛానెలుకి 30 వాట్లిచ్చే క్లాస్ ఏ ఆంపు పాట లేకపోయినా సుమారు 200 వాట్లు తింటుంది. రోజుకి నాలుగు గంటలు వింటే ఏడాదికి 290 యూనిట్లు పైమాటే. యూనిట్ 30 సెంట్లు అనుకున్నా దాదాపు 88 డాలర్లు, ఏసీ ఖర్చు కాక. సోల్డరింగ్ సరదా ఉన్నవారికి పాస్ గారే డిజైన్ చేసిన "ఆంప్ క్యాంప్ ఆంప్" అనే చిన్న కిట్ ఉంది. అందులో రెండో హార్మోనిక్‌దే పెత్తనం. కాకపోతే వాట్లు బహు తక్కువ.

వాట్లంటే గుర్తొచ్చింది. మనవాళ్ళు కారు కొన్నట్టు హార్స్‌పవరు చూసి ఆంపు కొంటారు. లెక్క చూడండి. మీ స్పీకరు సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అనుకుందాం. మూడు మీటర్ల అవతల సోఫాలో ఒక్క వాటుకి 80 దాకా వినిపిస్తుంది. ఇంట్లో మామూలుగా వినేది 75, అంటే వాటులో మూడో వంతు! హఠాత్తుగా ఇరవై డెసిబెల్స్ లేచే చోట 30 వాట్లు కావాలి. 100 వాట్ల బదులు 200 వాట్లది కొంటే కలిసొచ్చేది మూడు డెసిబెల్సే.

ఇక నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించిన సంగతి. 1985లో బాబ్ కార్వర్ అనే ఆయన, స్టీరియోఫైల్ పత్రిక వాళ్ళు ఎంచుకున్న ఖరీదైన ఆంపులాగే పలికేటట్టు తన చవక ట్రాన్సిస్టరు ఆంపుని మారుస్తానని పందెం కట్టాడు. తర్వాత బయటపడింది, అది కాన్రాడ్-జాన్సన్ వారి వాల్వు ఆంపు. రెండు ఆంపుల ఔట్‌పుట్‌లనీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది దాదాపు సున్నా అయ్యేదాకా సరిచేశాడు. విన్నవాళ్ళు తేడా పట్టలేకపోయారు.

ఇందులో ముఖ్యమైన కిటుకు ఔట్‌పుట్ ఇంపెడెన్సు. ఎనిమిది ఓములని రాసి ఉన్న స్పీకరు నిజానికి ఒక చోట 4 ఓములు, ఇంకో చోట 30 ఓములు ఉండొచ్చు. ఆంపు ఇంపెడెన్సు 0.05 ఓములైతే ఈ రెండు చోట్లకీ తేడా 0.1 డెసిబెల్. రెండు ఓములున్న వాల్వు ఆంపుతో అదే మూడు డెసిబెల్స్! అంటే వాల్వు ఆంపు మీ స్పీకరు ఎత్తుపల్లాల్ని బట్టి తనంతట తనే టోన్ కంట్రోలు తిప్పేస్తోంది. స్పీకరు ఇంపెడెన్సు సాధారణంగా బేసు దగ్గర బాగా లేస్తుంది కాబట్టి బేసు నిండుగా వస్తుంది.

కాబట్టి వేలు పొయ్యకముందు ఇది చేసి చూడండి. ఆంపు ఆపేసి, ఒక్కో స్పీకరు ప్లస్ తీగలో ఒక ఓము, 20 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు సిరీస్‌లో కలపండి. పైన చెప్పిన స్పీకరుకి దీనితో 1.6 డెసిబెల్స్ పైచిలుకు తేడా వస్తుంది. ఖర్చు నాలుగైదు డాలర్లు. రెసిస్టరు వేడెక్కుతుంది, కార్పెట్టుకి తగలనివ్వకండి. నచ్చితే ఉంచండి, నచ్చకపోతే పీకెయ్యండి.

అయినా కొనే తీరాలంటే, మెకింటాష్ వారి ట్రాన్సిస్టరు ఆంపుల్లో చాలావాటికి వాల్వు ఆంపులకి మల్లే ఔట్‌పుట్‌లో ఆటోట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, మెత్తగా పలుకుతాయని పేరు కూడా ఉంది. వాడినవి కొన్నా ధర బాగా నిలబడతాయి. క్లాస్ డి ఇప్పుడు చాలా బాగుపడింది, కరెంటూ ఆదా, కాని అది ఏమీ కలపదు. వెచ్చదనం వెతికేవారికి ఆ సుగుణమే లోపం. ఇంకొకటి, 1987లో స్టీరియో రివ్యూ పత్రిక కళ్ళకి గంతలు కట్టినట్టు పరీక్ష పెడితే, చవక రిసీవరుకీ, వేల డాలర్ల వాల్వు ఆంపుకీ తేడా చెప్పడంలో శ్రోతలు బొమ్మాబొరుసూ వేసినంత ఫలితమే సాధించారు. దుకాణంలో రెండు ఆంపులు పోల్చేటప్పుడు రెండిటి ధ్వనినీ మీటరు పెట్టి సమానం చెయ్యమనండి. అర డెసిబెల్ ఎక్కువున్నది మనకి "మంచిది"గా వినబడుతుంది.

ఎప్పటికైనా ఇండియా వెళ్ళిపోయే ఆలోచన ఉంటే, 230 వోల్టులకి మార్చే వీలున్నది కొనండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టులు తగ్గిస్తుంది గాని 50 హెర్ట్‌జ్‌ని 60 చెయ్యదు. కేవలం 60 కోసం కట్టిన ట్రాన్స్‌ఫార్మరు అక్కడ ఎక్కువ వేడెక్కుతుంది.

మా నాన్నగారి మాటకొస్తే, ఆ వాల్వు రేడియోలో మీడియం వేవ్ వినేవాళ్ళం. అయిదు కిలోహెర్ట్‌జ్ పైన అందులో వచ్చేదే అంతంతమాత్రం, చుట్టూ చెక్కపెట్టె. మా హాల్లో చూస్తే నున్నటి చెక్క నేల, ఒక గోడంతా అద్దాల తలుపు. నేను పెట్టిన పాటలేమో ఎప్పుడో దింపుకున్న 64 కిలోబిట్ ఎంపీత్రీలు. మంచి సీడీ తెప్పించి, స్పీకర్ల ముందు దళసరి తివాచీ పరిచి, అద్దాలకి కర్టెన్లు వేసి, ట్రెబుల్ నాలుగు డెసిబెల్స్ తగ్గించాను. రెసిస్టర్లు కూడా పెట్టాను. అంతా కలిపి మూడు వందల డాలర్లు కాలేదు, అందులో రెండు వందలు తివాచీకే.

ఆ ఆదివారం నాన్నగారు సీడీ మొత్తం విన్నారు. బాగుందో లేదో చెప్పలేదు. రెండోవైపు తిప్పమన్నారు.